పందిరికి ఇచ్చిన చొక్కా

బూడిద పడటం మొదలై నలభై ఏళ్లు దాటింది. ఆకాశం ఎందుకు కాలిందో, ఎవరు కాల్చారో కళ్లారా చూసిన ముసలివాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఉన్నవాళ్లు చెప్పేది తలకో మాట. ఒక సంగతి మాత్రం పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఆ బూడిద చేతిమీద పడితే చెయ్యి మొద్దుబారుతుంది, తలమీద పడితే దారి మర్చిపోతారు. ముందు వీధి మర్చిపోతారు, తర్వాత ఇల్లు, ఆ తర్వాత కాళ్లు ఎందుకున్నాయో కూడా మర్చిపోయి ఎక్కడివాళ్లక్కడే కూలబడతారు. రేకు దాన్ని ఆపదు, పెంకు ఆపదు, రాతి కప్పు ఆపదు. లోకంలో దాన్ని ఆపేది ఒక్కటే, చనిపోయినవాళ్ల ఒంటిమీది బట్ట.

అందుకే వీధి మొత్తానికీ ఒకే పందిరి. ఈ చివర గేటు నుంచి ఆ చివర నీళ్ల కొట్టు దాకా, డాబాల మీదుగా కర్రలు నిలబెట్టి, చొక్కాలూ పంట్లాలూ గౌన్లూ పసిపిల్లల టోపీలూ అన్నీ కలిపి కుట్టేశారు. నడిచేవాళ్లు తలెత్తి చూస్తే ఏ గుడ్డ ఎవరిదో చెప్పగలరు. నాలుగు దారుల కూడలి మీద ఉన్నది తాగుబోతు మేస్త్రీ పంట్లాం. బతికినన్నాళ్లూ పెళ్లాం పిల్లల్ని ఒక్క పూట పట్టించుకోని మహానుభావుడు, పోయాక మాత్రం పదిళ్లని నీడపట్టున ఉంచాడు. పోయినవాళ్లందరూ మంచివాళ్లేనంటారు కదా, ఆ వీధిలో అది అక్షరాలా నిజం.

మరి ఆ బట్టలే కప్పుకుని దర్జాగా బయట తిరగొచ్చుగా అని అడిగే తెలివైనవాళ్లు ఉంటారు. తిరగలేరు. పోయినవాళ్ల బట్ట ఎవరి ఒంటిమీదికి వెళితే ఆ క్షణం నుంచి అది వాళ్లదే అయిపోతుంది. బతికున్నవాళ్ల బట్టలోంచి బూడిద జల్లెడలోంచి పిండి రాలినట్టు రాలిపోతుంది.

ఈ కథలో పిల్ల పేరు జీడి. అసలు పేరు వేరే ఉంది గానీ, చిన్నప్పుడు అన్నయ్య ఎటు వెళితే అటు అతుక్కుని తిరిగేదని వాడు పెట్టిన పేరే నిలిచిపోయింది. పదిహేడేళ్లు. కుట్టు పెద్దమ్మ దగ్గర పందిరి పని నేర్చుకుంటోంది. కుట్టు పెద్దమ్మ ఆ వీధిలో అందరికీ పెద్దమ్మే. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. "ఇది కుట్టా, కోడి కెలికిన చోటా?" అని రోజుకు పదిసార్లు తిడుతుంది, పదకొండోసారి తన పళ్లెంలోది తీసి ఆ పిల్ల పళ్లెంలో పెడుతుంది.

జీడి అన్నయ్య ఏరుకొచ్చేవాడు. అంటే నడుముకు తాడు కట్టుకుని గేటు దాటి, కూలిన ఊళ్లోంచి సూదులూ దారాలూ గిన్నెలూ దొరికినవి దొరికినట్టు ఏరి, బూడిద తలకెక్కకముందే తాడు పట్టుకుని వెనక్కి వచ్చేసే పని. రెండేళ్ల కిందట ఒకరోజు గేటు కాసే మావయ్య తాడు లాగితే తాడొక్కటే వచ్చింది. అది తెగలేదు. ముడి విప్పి ఉంది.

ఆ తాడు కొస అమ్మ దగ్గరే ఉండిపోయింది. నీళ్లు వడకట్టే కొట్టులో పని చేసి రావడం, గుమ్మంలో కూర్చోవడం, తాడుకి అదే ముడి వెయ్యడం, విప్పడం. ఇంటికెవరొచ్చినా చూపించేది. "చూడండి, ఇది దానంతటది ఊడే ముడి కాదు. వాడే విప్పుకున్నాడు. ఏదో చూసుంటాడు, ఎక్కడికో వెళ్లుంటాడు." విన్నవాళ్లు తల ఊపి వెళ్లిపోయేవాళ్లు. బయట రెండేళ్లు ఎవరూ బతకరని వాళ్లకి తెలుసు, అమ్మకీ తెలుసు. తెలిసింది ఒప్పుకోవడం వేరే సంగతి.

గేటు దాటినవాళ్లు వంద రోజుల్లో తిరిగి రాకపోతే వాళ్ల బట్ట పందిరికి ఇచ్చెయ్యాలని కట్టుబాటు. అమ్మ ఇవ్వలేదు. నూరు రోజులు కాస్తా ఏడువందలయ్యాయి. వీధివాళ్లు మొదట జాలిపడ్డారు, తర్వాత గొణిగారు, ఆ తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. అనరా మరి? సరిగ్గా వాళ్ల సందు మీదే పందిరి చిరిగింది, చాపంత కన్నం. అతికిద్దామంటే గుడ్డ లేదు. ఆ ఏడాది వీధిలో ఒక్కరూ చావలేదు. చావకపోవడం కూడా ఒక కష్టమేనని ఏ కాలంలో ఎవరనుకున్నారు!

ఒక మధ్యాహ్నం చెప్పులు కుట్టే ఆయన వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. మూడేళ్ల కూతుర్ని గుమ్మంలో నిలబెట్టి దాని కుడిచేతిని అమ్మ ఒళ్లో పెట్టాడు.

"గిల్లి చూడక్కా," అన్నాడు.

అమ్మ మెల్లిగా నొక్కింది. పిల్ల నవ్వుతూ చూస్తోంది. గట్టిగా గిల్లింది. పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. నాలుగు వేళ్లూ మొద్దుబారిపోయాయి. అమ్మ ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"రేపు ఇస్తాను," అంది. "కానీ నా చేత్తో ఇవ్వలేను తమ్ముడూ. జీడి తెస్తుంది."

ఆ మాటకి జీడి చేతిలో పని వదిలేసి చొక్కా ఉన్న పెట్టె వైపు చూసింది. ఎందుకంటే ఆ చొక్కా సంగతి దానికొక్కదానికే తెలుసు.

అన్నయ్య వెళ్లిన వారానికి, అమ్మ కొట్టుకి వెళ్లిన వేళ చూసి, జీడి పెట్టె తెరిచి ఆ చొక్కా వేసుకుంది. ఒక్కసారే అనుకుంది. మర్నాడు మళ్లీ వేసుకుంది. రెండేళ్లు. తలుపు గడియ పెట్టుకుని, ఆ చొక్కాలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే తప్ప దానికి ఊపిరాడేది కాదు. చంక దగ్గర పిగిలితే కుట్టుకుంది. ఇప్పుడు ఆ చొక్కాకి అన్నయ్య వాసన లేదు, జీడి వాసనే ఉంది. పోయినవాళ్లకి మిగిలేది ఒక్క బట్ట, దాన్ని కాజేసిన పిల్లని వీధి ఏమంటుంది? అమ్మ ఏమంటుంది? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అయితే ఆ సిగ్గులోంచే ఒక ఆలోచన పుట్టింది. పందిరికి కుట్టిన ప్రతి గుడ్డకీ కింద పలక పెట్టి చూస్తారు. నల్ల పలకకి నూనె రాసి ఒక రోజంతా ఉంచుతారు. బూడిద పడకపోతే ఆ మనిషి పోయినట్టు. పడితే బతికున్నట్టు, బట్ట తిరిగి ఇచ్చేస్తారు. ఈ చొక్కా కుడితే బూడిద పడి తీరుతుంది, అది జీడి చొక్కా కాబట్టి. అందరూ అన్నయ్య బతికున్నాడనుకుంటారు. చొక్కా ఇంటికొస్తుంది. అమ్మ రెండు ముద్దలు తిని పడుకుంటుంది. ఎవరికి నష్టం? కన్నం అలాగే ఉంటుందన్నది నిజమే, చెప్పులాయన కూతురి రెండో చెయ్యి గుర్తొచ్చింది కూడా. కానీ ఒకపక్క అమ్మ, ఒకపక్క పరాయి పిల్ల. పదిహేడేళ్ల మనసు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే చొక్కా మడిచి కుట్టు కొట్టుకి తీసుకెళ్లింది. పొడుగాటి బల్ల, గోడకి వేలాడే దారపు ఉండలు, కిటికీ పక్క పెద్దమ్మ కూర్చునే పీట. పెద్దమ్మ చొక్కా అందుకుని వెలుతురుకి పట్టి చూసింది. కాలరు చూసింది, బొత్తాలు చూసింది. చంక దగ్గర వేలు ఆగింది. తలెత్తి జీడి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"సరే," అంది పెద్దమ్మ చివరికి. "అడగాల్సింది అడగాలి. ఇది ఎవరి ఒంటిది?"

"మా అన్నయ్యది."

"వాడి తర్వాత ఇంకో ఒంటిమీదికి వెళ్లిందా?"

"లేదు."

కట్టుబాటు ప్రకారం మూడుసార్లు అడగాలి. మూడుసార్లూ జీడి లేదనే చెప్పింది. పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించింది.

ఆ రోజు ఇద్దరూ నిచ్చెనెక్కి చొక్కాని కన్నానికి అతికారు. చొక్కా చేతులు చెరోపక్కకీ చాపి కుడితే గానీ చాల్లేదు. కింద నూనె రాసిన పలక పెట్టారు. అమ్మ బయటికి రాలేదు. తలుపు చాటున నిలబడి తాడుకి ముడి వేస్తూ విప్పుతూ ఉంది.

తెల్లారి వీధి వీధంతా సందులో చేరింది. పెద్దమ్మ పలక ఎత్తి చూసింది, అందరివైపూ తిప్పింది. నల్లటి పలక మీద తెల్లగా, బియ్యపు నూకంత రేణువులు.

ఎవరూ ఏమీ అనకముందే అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పలక లాక్కుని చూసింది. వేలితో బూడిదని తాకింది, ఆ వేలు మొద్దుబారుతోంటే చిన్నపిల్లలా నవ్వింది.

"ఒసేయ్ జీడీ! బతికే ఉన్నాడే! నేను చెప్పలా? ఆ ముడి వాడే విప్పుకున్నాడని చెప్పలా?"

చెప్పులాయన పైనున్న చొక్కా వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూసుకుని తలొంచుకుని వెళ్లిపోయాడు. జీడి అది చూసింది. చూసి కూడా అమ్మ నవ్వు వైపే తిరిగింది.

చొక్కా పందిరి నుంచి ఊడి ఇంటికొచ్చింది. తర్వాతి మూడు రోజులు ఆ ఇంట్లో రెండేళ్లుగా లేని సందడి. అమ్మ ఇల్లు కడిగింది. కూర వండి "ఉప్పు చాలిందా?" అని అడిగింది. నీళ్ల కొట్టు యజమానికి తుమ్మొస్తే ఎలా వంగిపోతాడో నటించి చూపిస్తే జీడి పడీ పడీ నవ్వింది. పుట్టి బుద్ధెరిగాక తను చేసిన ఒక్క మంచి పని ఇదేననుకుంది పాపం. అబద్ధమైతేనేం, అమ్మ కడుపు చల్లబడింది కదా అనుకుంది.

నాలుగో రోజు పొద్దున అమ్మ ముందురోజు ఉతికి ఆరేసిన, పనికి వేసుకునే గళ్ల అంగీ మడతపెట్టింది. సంచిలో రొట్టెలూ నీళ్ల సీసా సర్దుకుంది. జీడి పళ్లు తోముకుంటూ చూసింది గానీ అర్థం కాలేదు. అమ్మ చెప్పులేసుకుని గేటు వైపు నడుస్తుంటే అప్పుడు అర్థమైంది. అలా నోరు కూడా పుక్కిలించకుండా పరిగెత్తింది.

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికేంటే? వాడి దగ్గరికి." అమ్మ నడక ఆపలేదు. "రెండేళ్లు ఉన్నాడో లేడో అనుకుంటూ కూర్చున్నా. తెలీదు కాబట్టి కూర్చున్నా. ఇప్పుడు తెలిసింది కదా! తెలిసి కూడా గుమ్మంలో కూర్చుంటే నేనేం తల్లిని?"

జీడి లెక్కలోకి రాని సంగతి ఇదే. అమ్మ సంతోషిస్తుందని లెక్క వేసుకుంది, కన్నీళ్లు ఆగుతాయని లెక్క వేసుకుంది. కొడుకు బతికున్నాడని తెలిసిన తల్లి ఏం చేస్తుందో ఒక్క క్షణం ఆలోచించలేదు. తల్లుల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పేవాళ్లే, ఎవర్నైనా అడిగుంటే.

గేటు దగ్గర మావయ్య తాడు తీసి అమ్మ నడుముకి కడుతున్నాడు. బయటికి వెళ్లేవాళ్లని ఆపకూడదన్నది ఆ వీధిలో పాత కట్టుబాటు. బలవంతాన లోపల ఉంచితే, ఆ మనిషి పోయాక బట్ట పందిరికి పనికిరాదని నమ్మకం. అమ్మ, తను తిరిగి రాకపోతే పందిరికని, తన అంగీని మావయ్య చేతిలో పెట్టింది.

జీడి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, ఆ చొక్కా నేను వేసుకున్నాను."

"ఏంటీ?"

"అన్నయ్య చొక్కా. నేను వేసుకున్నాను. రోజూ వేసుకున్నాను, నువ్వు కొట్టుకి వెళ్లినప్పుడల్లా. పలక మీద పడింది నావల్లే. అన్నయ్యకీ దానికీ సంబంధం లేదు."

అమ్మ ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఒక్క క్షణమే. జీడి ఆ క్షణాన్ని జన్మలో మర్చిపోదు, ఎందుకంటే ఆ క్షణంలో అమ్మ నమ్మింది. నమ్మి, ఆ నమ్మకాన్ని భరించలేక పక్కకి తోసేసింది. మళ్లీ నవ్వు వచ్చి కూర్చుంది.

"పెద్దమ్మ మూడుసార్లు అడిగితే మూడుసార్లూ లేదన్నావుగా. అబద్ధమాడే పిల్లవా నువ్వు?"

"ఆడానమ్మా!"

"ఇప్పుడు ఆడుతున్నావే పిచ్చిదానా. నన్ను ఆపాలని."

"నీమీద ఒట్టు."

"ఒట్టు తీసి గట్టుమీద పెట్టు." అమ్మ దాని బుగ్గమీద చెయ్యి వేసింది. మొద్దుబారిన వేలు చల్లగా తగిలింది. "వాణ్ని తీసుకొచ్చి నీకు అప్పజెబుతా. అప్పుడు ఇద్దరూ కొట్టుకు చావండి. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను, పొంగిపోతాయి, వెళ్లు."

జీడి గేటు మావయ్య వైపు తిరిగింది. "ఆపు మావయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా."

ఆయన కళ్లలో నీళ్లు. "నేనెలా ఆపను తల్లీ," అన్నాడు. గేటు తీశాడు.

బయట అంతా ఒకటే తెలుపు. అమ్మ పది అడుగులు వేసేసరికి ఆ తెలుపులో కలిసిపోయింది. తాడు మాత్రం మెల్లిగా జారుతూ వెళుతోంది. జీడి దాన్నే చూస్తూ నిలబడింది. తాడు ఆగింది. మళ్లీ కదలలేదు. వదులుగా నేలమీద వాలింది.

మావయ్య అరుస్తున్నా వినకుండా జీడి ఆ తాడు పట్టుకుని బయటికి పరిగెత్తింది. కొస దాకా వెళ్లింది. అక్కడ అమ్మ లేదు. తాడు తెగలేదు. ముడి విప్పి ఉంది, శుభ్రంగా, తొందర లేకుండా. రెండేళ్లుగా రోజూ వేసి విప్పిన ముడి, అమ్మకి దాన్ని విప్పడం ఎంతసేపు! "అమ్మా" అని గొంతు చిరిగేలా అరిచింది. ఏ వైపు అరవాలో కూడా తెలీలేదు. అరుస్తూ అరుస్తూ, ఎవరి కోసం వచ్చిందో ఒక్క లిప్తపాటు మర్చిపోయింది. ఆ భయంతోనే తాడు పట్టుకుని వెనక్కి వచ్చిపడింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా మొద్దుబారిపోయింది.

ఆ మధ్యాహ్నం కుట్టు కొట్టులో పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చుని జీడి ఉన్నదంతా చెప్పేసింది. తిడుతుందనుకుంది. కొడుతుందని ఎదురుచూసింది కూడా. కొడితే బాగుండనిపించింది. పెద్దమ్మ చేతిలో కుట్టు పక్కన పెట్టింది.

"నాకు తెలుసే," అంది.

"ఏం తెలుసు?"

"చంక దగ్గర ఉన్నది నీ కుట్టు. నేను నేర్పిన కుట్టు నాకు తెలీదా? నువ్వు రెండోసారి లేదన్నప్పుడే చొక్కా నీ ముఖాన కొట్టి పంపెయ్యాల్సింది. నేనూ అదే అనుకున్నానే. పోనీలే, ఆ తల్లి నాలుగు రోజులు నవ్వుతుందిలే అనుకున్నా. ఇంత వయసొచ్చి, ఇన్ని చావులు చూసి, నీకున్నంత బుద్ధే నాకూ ఉంది."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే మరి. ఆ ఏడుపు వల్ల గేటు అవతల ఎవరికీ దారి దొరకలేదు.

వంద రోజులు జీడి గేటు దగ్గరే గడిపింది. మొదటి నెల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అమ్మని పిలిచింది. రెండో నెల గొంతు పోయి గిన్నె మీద గరిటెతో కొట్టింది. మూడో నెల ఊరికే కూర్చుంది. ఈలోగా చెప్పులాయన కూతురికి రెండో చెయ్యి కూడా మొద్దుబారింది. ఆ మాట ఆయన వచ్చి చెప్పలేదు. ఆ పిల్ల రొట్టెముక్క రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తింటుంటే జీడే చూసింది.

నూటొకటో రోజున గేటు మావయ్య దగ్గర్నుంచి అమ్మ అంగీని జీడే తీసుకుంది. ఒంటికి ఆనించుకోలేదు. ముఖానికి దగ్గరగా కూడా తేలేదు, ఒక్కసారి వాసన చూడాలని ప్రాణం కొట్టుకుపోతున్నా సరే. చేతులు చాపి, ఎడంగా పట్టుకుని కొట్టుకి మోసుకెళ్లింది.

"ఎవరి ఒంటిది?" అంది పెద్దమ్మ.

"మా అమ్మది."

"తర్వాత ఇంకో ఒంటిమీదికి వెళ్లిందా?"

"లేదు పెద్దమ్మా."

ఈసారి అది నిజం. మూడుసార్లూ నిజమే. పెద్దమ్మకి దారం ఎక్కకపోతే జీడే ఎక్కించి, నిచ్చెనెక్కి తనే కుట్టింది. ఎడమ చేతి వేళ్లలో సూది దిగినా తెలియడం లేదు. గుడ్డ అంచున రక్తపు చుక్కలు చూసి అప్పుడు చెయ్యి తీసేది.

మర్నాడు పలక నల్లగా ఉంది. ఒక్క రేణువు లేదు. చెప్పులాయన కింద కూలబడి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. సందులో జనం ఊపిరి పీల్చుకున్నారు. ఒకావిడ జీడి తల నిమిరి, "మీ అమ్మ అందర్నీ చల్లగా కాపాడిందమ్మా," అంది. మంచి మనసుతోనే అంది.

"ఇంకొక్క రోజు పెడదాం పెద్దమ్మా," అంది జీడి.

మరో రోజు పెట్టారు. ఇంకో రోజు పెట్టారు. ఐదు రోజులు నూనె రాసి పెడుతూనే ఉంది, పలక నల్లగా వస్తూనే ఉంది. అమ్మ మాత్రం లేదని తేలింది. అన్నయ్య సంగతి ఇక ఏ పలకా చెప్పదు. అది చెప్పగలిగిన ఒక్క గుడ్డనీ జీడే తన ఒంటిమీద అరగదీసుకుంది.

ఆరో రోజు పెద్దమ్మ పలక దాచేసింది. జీడి సందు మధ్యలోకి వెళ్లి, సరిగ్గా ఆ గళ్ల అంగీ కింద, నేలమీద వెల్లకిలా పడుకుంది. పిల్లలు ఆటలాపి చుట్టూ చేరి చూశారు. "లేవే తల్లీ, అందరూ చూస్తున్నారు," అని పెద్దమ్మ వచ్చి భుజం పట్టుకుంది, లాగింది, చివరికి తనూ పక్కన కూర్చుండిపోయింది. జీడి కళ్లు తెరుచుకుని పైకే చూస్తోంది. ఒక్క రేణువు, ఒకే ఒక్క రేణువు రాలితే చాలు, అమ్మ ఎక్కడో కూర్చుని ఊపిరి పీలుస్తున్నట్టే. నుదుటిమీద పడినా సరే, కంట్లో పడినా సరే, తనకి అన్ని దారులూ మరుపుకొచ్చినా సరే. పొద్దు వాలేదాకా అలాగే పడుకుంది. జీడి ముఖం మీద ఏమీ పడలేదు.